పేరు లేని ట్యూబు

సోమందేపల్లెలో మా ఆయన వెంకటరాముడు శెట్టికి తెలీని సరుకు లేదు. శెనక్కాయ చెవి కాడ పెట్టుకోని ఊపితే లోపల పప్పు నిండుగా ఉండాదో లేదో చెప్తాడు. కందిపప్పు పంటి కింద వేసుకోని పాతదో కొత్తదో చెప్తాడు. అట్లాంటి మనిషి చేతిలో ఆసుపత్రోళ్ళు పేరు లేని ట్యూబొకటి పెట్టినారు. దాని మీద కంపెనీ లేదు, రేటు లేదు, ఒట్టి నంబరు ఉండాది. ఆ పొద్దునుంచి ఆయనకు నిద్ర లేదు.

జబ్బు నాది. ఆ సంగతి ఆయనకు అప్పుడప్పుడూ నేనే గుర్తు చెయ్యాల్సి వస్తాండె. రొమ్ములో గడ్డ. కుడిపక్క మొత్తం తీసేసినారు, కీమో ఎక్కించినారు, ఇప్పుడు కరెంటు పెడతాండారు. రేడియేషన్ అనను మా పక్క ఎవురికీ నోరు తిరగదు, అందరూ కరెంటే అంటారు. శని, ఆదివారాలు తప్ప రోజూ అనంతపురం పొయ్యి, మిషన్ కింద పండుకోని, మళ్ళా బస్సెక్కి వచ్చేది. కరెంటు పడిన చోట తోలు నల్లబడి దురద, మంట. దానికి కొత్త క్రీము ఒకటి వచ్చిందంట, పని చేస్తాదో లేదో చూస్తాండారంట.

సుష్మిత అని చిన్న డాక్టరమ్మ ఆ పని చూస్తాది. కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. కొందరికి మందుండే క్రీము, కొందరికి మందు లేని ఒట్టి క్రీము. ఎవురికి ఏది పోవాలనేది కంప్యూటరు తీస్తాది, ఆమెకు కూడా తెలీదు. ఆపరేషన్ చేసిన చోటంతా, చంక కింద, రెండు పూటలా పుయ్యాల. పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏదీ ముట్టించగూడదు. ఇష్టం లేకుంటే చేరొద్దు, కరెంటు మాత్రం ఎట్లైనా పెడతారు. నేను సరేనన్నా. బయటికొచ్చినాక మా ఆయన, అమ్మేవాళ్ళకే సరుకేందో తెలీని అంగడి తన జన్మలో చూడలేదన్నాడు.

ఇంటికొచ్చి ట్యూబు మూత తీసినాడు. వేలికి రాసుకోని నలిపినాడు, వాసన చూసినాడు, కాగితానికి పూసి ఎండకు పట్టుకోని చూసినాడు. నీళ్ళ గ్లాసులో కొంచెం వేసినాడు. అది తేలింది. తేలితే ఏమైతాదో ఆయనకే తెలియాల. ఏమప్పా ఈ మనిషి, పెండ్లానికి జబ్బొస్తే ట్యూబుకు వైద్యం చేస్తాండాడే అనుకున్యా.

కొన్ని వారాలకు ముందరపక్క తోలు బాగనే ఉండాది. చంక కింద, వీపు పక్కకు తిరిగే చోట మాత్రం మెత్తబడి పొర లేస్తాంది. శుక్రవారం డాక్టరమ్మ చూసి మొగం చిన్నబుచ్చుకోనింది. ఇది పగిలితే కరెంటు ఆపాల్సి వస్తుంది, సోమవారం చూద్దాం అనింది. ఆపితే ఏమైతాదని అడిగినా. మధ్యలో ఆపినన్నాళ్ళూ జబ్బుకు సందు దొరికినట్టేనని మెల్లగా చెప్పింది. ఇంత కోత కోయించుకోని, జుట్టంతా పోగొట్టుకోని, చారెడు తోలు కోసం మళ్ళా మొదటికొస్తానా అనుకున్యా.

క్రీము అంతటా పూస్తున్నారా అని ఆమె అడిగితే అవునన్నా. అబద్ధం. ఆపరేషన్ అయినప్పటినుంచి నా కుడిచెయ్యి బుజం దాటి లేయదు. ఎడంచెయ్యి ఆ వెనకపక్కకు అందదు. కోడలు నిఖిత ఉంటే పూసుండేది, ఆ పిల్ల కాన్పుకని గోరంట్లలో పుట్టింటికి పోయింది. ఇంట్లో మిగిలింది ఈయన. ఈయన్ని అడిగే బదులు తోలూడిపోయినా మేలనుకున్యా.

యాలంటే, ఆపరేషన్ అయినప్పటినుంచి ఈయన నన్ను సరిగా చూసిందే లేదు. ఆసుపత్రికి తోడొస్తాడు. సంచి మోస్తాడు. బత్తాయి ఒలిచి తొనలు చేతిలో పెడతాడు. నేను చీర మార్చుకోవాలంటే చాలు, అంగట్లో ఏదో పని గుర్తొస్తాది. ఇన్నేండ్లు కాపురం చేసి, ఒక రొమ్ము పోతే నేను ఇంకెవరో అయిపోతినా? నాకు కోపం. కోపం కంటే ఏడుపు ఎక్కువ.

ఆ శుక్రవారమే ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చోనింటిమి. పక్కన లక్ష్మక్క, ఆమె మొగుడు గంగప్ప. బత్తలపల్లె పక్క పల్లెటూరోళ్ళు, గొర్రెలు మేపుకుంటారు. లక్ష్మక్కకూ నా జబ్బే, కరెంటూ నాతోపాటే మొదలైంది, చేతిలో అట్లాంటి ట్యూబే. ఆమె తోలు యాడా పగల్లేదు. ఈ సంగతి మా ఆయన కనిపెట్టినాడు. వాళ్ళది అసలు సరుకు, మనది డూప్లికేటు అని తేల్చేసినాడు.

తేల్చి ఊరుకోలేదు. గంగప్ప పక్కకు జరిగి, ఈ ఏడు వాన లేదు, గొర్రెలకు మేత కష్టమే గదా అని మొదలుపెట్టినాడు. నూనె తీసినాక మిగిలే శెనక్కాయ చెక్క మూటలు పంపిస్తాను, ట్యూబులు మార్చుకుందామన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ లక్ష్మక్క వింటాండాది, ఆమె ప్రాణం ప్రాణం కాదా?

గంగప్ప మా ట్యూబు తీసుకోని అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"అదంతా నాకు తెల్దుగానీ శెట్టీ, మీ ఇంట్లో పూసేదెవరు?"

ఆమే పూసుకుంటాదన్నాడు మా ఆయన.

"చెయ్యి లేస్తే గదా పూసుకునేది. మా దానికి లేయదు, రెండు పూటలా నేనే పూస్తాండా. కుదురుగా కూర్చుంటాదా అంటే కూర్చోదు. దీనికంటే గొర్రె నయం."

పూసినంతసేపూ తన మొగుడు తిట్టే తిట్లు ఊరంతా వింటాదని లక్ష్మక్క నవ్వింది. మా ఆయన నా చెయ్యి పక్క చూసినాడు. నేను గోడకుండే పటం పక్క చూస్తా కూర్చున్యా.

గంగప్ప ట్యూబు తిరిగి ఇచ్చేసినాడు. బస్సు పెనుకొండ దాటింది. అప్పుడు మా ఆయన, నీ చెయ్యి లేయదా అనడిగినాడు. లేయదన్నా. ఎప్పటినుంచి అన్నాడు. ఆపరేషన్ నుంచి అన్నా.

ఆ సాయంత్రం చేతులు రుద్ది రుద్ది కడుక్కోనొచ్చి తలుపేసినాడు. నేను రైక విప్పి కూర్చున్యా. ఆయన మొగం అటు తిప్పుకోని చెయ్యి చాపినాడు. మొదటి విడత నా మోచేతికి పూసినాడు, రెండోది కుర్చీకి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గోడను చూస్తా పూస్తే నాకెట్ల తగుల్తాది? ఇటు చూసి పుయ్యండి."

చూసినాడు. చెయ్యి ఆడనే నిలబడిపోయింది. "ఇంత పొడుగు కోసినారని నాకు చెప్పలేదేమే" అన్నాడు.

"మీరు అడగలేదు."

"అడగాలంటే భయమైతాండె" అన్నాడు. నేను ఇన్నాళ్ళూ అసహ్యమనుకున్యా, భయమని తెలీదు. ఆ తర్వాత చంక కింద, వీపు పక్కకు, వేలు ఆనీ ఆనకుండా మెల్లగా పూసినాడు. చల్లగా ఉండె. మందుండే క్రీమో ఒట్టి క్రీమో నాకేం తెలుసు?

శనివారం, ఆదివారం రెండు పూటలా పూసినాడు. సోమవారం డాక్టరమ్మ తెర లాగి నన్ను బల్ల మీద కూర్చోబెట్టింది. మొగోళ్ళు తెర అవతల నిలబడాల, మా ఆయన ఆడనే నిలబడిండాడు. డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, పగల్లేదు, ఆరుతోంది, కరెంటు ఆపక్కర్లేదు అనింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పుడు నిజం చెప్పేసినా, శుక్రవారం దాకా ఆ చోట ఏమీ పుయ్యలేదమ్మా, అప్పటినుంచి మా ఆయనే పూస్తాండాడు అని. ఆమె కోప్పడలేదు. ఉన్నదున్నట్టు రాసుకుంటాననింది. తగ్గింది క్రీము వల్లనో, రెండు రోజులు కరెంటు లేనందువల్లనో తనకూ తెలీదనింది.

"ఇంట్లో పెద్దాయనకు ఇబ్బందైతే చెప్పండమ్మా. రోజూ ఇక్కడికి వచ్చినప్పుడు నర్సుతో పూయిస్తాను."

నేను సరేనని చెప్పబోయినా. ఆయన్ని ఇంకా కష్టపెట్టేది ఎందుకని.

"వద్దమ్మా, నేనుండా గదా" అని తెర అవతల్నుంచి ఆయన గొంతు వినపడింది. ఆ మాట అనేసి, తెర పక్కకు లాగి లోపలికొచ్చినాడు. డాక్టరమ్మ గబుక్కున నా కొంగు అందిచ్చింది.

నేను కప్పుకోలేదు.