నీలం కన్ను వైపు కుర్చీ

నా భార్య గీత పోయిన మూడోనాడు పిట్టముట్టుడు. ఆమెకు ఇష్టమని అన్నం మీద చేపల పులుసు వేసి, విస్తరిని వరండా పిట్టగోడ మీద పెట్టి, కాకి కోసం ఎదురుచూశాం. కాకి ముట్టుకుంటేనే పోయినవాళ్లకు తృప్తి అంటారు. గంటైనా ఒక్కటీ రాలేదు. మిర్యాలగూడలో ఇన్ని రైస్‌మిల్లులుండగా మా ఇంటి మెతుకులతో కాకులకు పనేముంది?

వచ్చింది మల్లి. గీత పెంచిన తెల్లపిల్లి. ఒక కన్ను నీలం, ఒకటి పసుపు. ఎప్పటిలాగే వీధి వైపు ముఖం పెట్టి కూర్చుని, చేప తలతో మొదలుపెట్టింది.

గోడకు ఈ చివర నా కుర్చీ, ఆ చివర గీత కుర్చీ. నా పక్కన నిలబడి బావమరిది సురేందర్ అరిచాడు, చప్పట్లు కొట్టాడు. మల్లి మా వైపు తిరగనైనా లేదు. పిల్లి ఎంగిలి చేస్తే అక్కకు శాంతి ఉండదని, దాన్ని వాడపల్లి అవతల వదిలేసి వస్తానని గోనెసంచి తెచ్చాడు. నేను వద్దనలేదు. గీత గొణిగినా పరుగెత్తుకొచ్చే ఆ పిల్లి, మూడేళ్లుగా నేను పిలిస్తే ఒక్కసారీ తిరిగి చూడలేదు.

సురేందర్ సంచి మూతి విప్పాడు. గీత కుర్చీ పక్కన నేల మీద కూర్చున్న పక్కింటి మణెమ్మ పిల్లితో మెల్లగా అంది.

"ముల్లు గుచ్చుకుంటది, పైలం బిడ్డా."

మల్లి ఠక్కున ఆమె వైపు తిరిగింది.

అంతవరకు మణెమ్మ వైపున్నది పసుపు కన్ను. మా వైపున్నది నీలం. తెల్లపిల్లుల్లో చాలావాటికి నీలం కన్ను వైపు చెవి వినపడదని, ఆ వైపు చప్పుడు ఎక్కడిదో పోల్చుకోలేవని పదో తరగతికి ఏటా చెప్పే జీవశాస్త్రం మాస్టారిని నేనే. బోర్డు మీద బొమ్మ కూడా వేస్తాను.

"జర కుర్చీ ఇటు దిక్కు ఏసుకోరాదుండ్రి," అనేది గీత. దిద్దాల్సిన పేపర్లున్నాయనేవాణ్ణి. పిల్లి కోసం అన్నదో, తన కోసం అన్నదో అడగలేదు.

లేచి వెళ్లి, మూడు రోజులుగా ఎవరూ కూర్చోని గీత కుర్చీలో కూర్చున్నాను. మల్లీ అన్నాను. తిరిగింది. నన్ను పైనుంచి కిందికి చూసి, మళ్లీ చేప మీదకు వంగింది.

"సంచి లోపల పెట్టు, సురేందర్."

"కాకి ముట్టలే గద బావా. అక్క ఊకుంటదా?"

"మీ అక్క ఎన్నడన్న పిల్లికి పెట్టకుండ తిన్నదా?"

సురేందర్ సంచి మడిచి, నా కుర్చీలో కూర్చోబోయాడు. దాన్ని ఇటు తెచ్చి, గీత కుర్చీ పక్కన వేయమన్నాను.