పుస్తకంలో లేని గుండీ

సినిమా సగానికి వచ్చేదాకా పెద్దక్క కుర్చీలో నిమ్మళంగానే కూర్చుంది. విడుదలకు ముందు దగ్గరివాళ్లకని వేసిన ఆట అది. చిన్న హాలు, అక్కడక్కడా తెలిసిన ముఖాలు. తెర మీద ఆడుతున్నది ఆవిడ రాసిన నవలే. కళ్లజోళ్ల దుకాణం తెరవకముందు, పొద్దున్నపూట, అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చుని రాసుకున్న నవల. ఆ చుట్టుపక్కల చాలామంది ఆవిడ దగ్గరే కళ్లు చూపించుకుంటారు కాబట్టి, వయసుతో పనిలేకుండా అందరికీ ఆవిడ పెద్దక్కే.

పుస్తకాల్లోంచి తీసిన సినిమాలంటే ఆవిడకి మొదట్నుంచీ గురి లేదు. పాఠకులు నలుగురు చేరి, ఇది గొప్పంటే అది గొప్పని తమకిష్టమైనవాటి గురించి గొంతులు చించుకుంటుంటే, "నాకు నచ్చేది ఇంకా ఎవరూ తియ్యలేదు" అనేసి ఊరుకునేది. తన నవల కోసం వచ్చిన డైరెక్టరమ్మాయితోనూ అదే అంది.

"అయితే మనదే మొదటిదవుతుంది లెండి," అంది ఆ పిల్ల ధీమాగా.

సినిమా సగంలో వచ్చింది ఆ సీను. సినిమాలో తండ్రి రాత్రి కూర బాగాలేదని పళ్లెం విసిరికొట్టాడు. తెల్లారింది. ఆయన స్నానానికి వెళ్లాడు. ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీకి తగిలించి ఉంది. తల్లి చిన్న కత్తెర తీసుకొచ్చి, పొట్ట దగ్గర గుండీ ఒకటి టప్పున తెంపి, దాన్ని కొంగున ముడేసుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్లి కాఫీ కలుపుతోంది. హాలంతా గొల్లుమంది. పక్కనున్న పెద్దక్క భర్త తొడ చరుచుకుని మరీ నవ్వాడు.

పెద్దక్క మాత్రం నవ్వలేదు. ఆ సీను నవల్లో లేదు. ఆవిడ రాయలేదు. కానీ అది జరిగింది. వాళ్లింట్లోనే జరిగింది.

వాళ్ల నాన్న నోటి దురుసు మనిషి. ఆయన అమ్మని నానా మాటలూ అన్న మర్నాడల్లా చొక్కాకో గుండీ ఉండేది కాదు. ఆఫీసుకెళ్లి నలుగురిలో పొట్ట దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఇంటికొచ్చి చాకలిని తిట్టేవాడు, తర్వాత టైలర్ని తిట్టేవాడు, చివరికి దారం తయారుచేసేవాళ్లని తిట్టేవాడు. ఒకరోజు పిల్లలు ముగ్గురూ తలుపు చాటునుంచి అసలు సంగతి చూసేశారు. అమ్మ కత్తెర చేత్తోనే వెనక్కి తిరిగి, "ఇది బయటికి పొక్కిందో, మీ ముగ్గుర్నీ ఏం చేస్తానో నాకే తెలీదు," అంది. ముగ్గురిచేతా ఒట్టు వేయించుకుంది. నాన్న పోయేదాకా ఆయనకి తెలియలేదు. పోయాక కూడా వాళ్లు ఆ మాట ఎత్తలేదు.

ఆ ఒట్టుకి కట్టుబడే పెద్దక్క నవల్లో అమ్మని ఓర్పుగల ఇల్లాలిగా రాసింది. అన్నీ భరించి, వంటింట్లో చాటుగా కళ్లు తుడుచుకునే మనిషిగా. చదివినవాళ్లంతా ఏడ్చామన్నారు.

ఆట అయిపోయాక టీ ఇస్తున్నచోట డైరెక్టరమ్మాయిని పట్టుకుంది.

"ఆ గుండీ సీను ఎక్కడిదమ్మా?"

ఆ పిల్ల నవ్వింది. "మీ ఇంటిదే కదండీ! ఎవరు చెప్పారని మాత్రం అడక్కండి. మాటిచ్చాను."

అంటే ఇంటివాళ్లే. తనని తీసేస్తే మిగిలింది ఇద్దరు. తమ్ముడు, చెల్లెలు.

దారిలో భర్తకి చెప్పింది. ఆయన, "ఇన్నేళ్లూ నాక్కూడా చెప్పలేదేం?" అన్నాడు. ఆ మాటంటూనే ఓసారి తన చొక్కా పైనుంచి కిందిదాకా తడిమి చూసుకున్నాడు.

మర్నాటినుంచి దుకాణంలో పెద్దక్క మనసు మనసులో లేదు. గోడ మీది అక్షరాలు చదువుతున్న పెద్దాయన తప్పు చదివినా సరేనంది. తమ్ముడు మొన్న పిలవకుండానే వచ్చి దుకాణంలో ఏసీ శుభ్రం చేసి వెళ్లాడు. వాడి వృత్తి అదే అయినా, పదిసార్లు పిలిస్తే గానీ రానివాడికి అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చింది? చెల్లెలు ప్రివ్యూకి వస్తానని చెప్పి తలనొప్పి పేరుతో మానేసింది. అప్పట్నుంచీ ఒక్క ఫోనూ లేదు. ఆలోచించినకొద్దీ ఇద్దరూ దొంగల్లాగే కనిపించారు.

ముందు తమ్ముడి వర్క్‌షాపుకి వెళ్లింది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. వాడు విప్పిన ఏసీ ముందు కింద కూర్చుని ఉన్నాడు.

"సినిమావాళ్ల దగ్గరికి వెళ్లావా నువ్వు?" అంది సూటిగా.

వాడు నీళ్లు నమిలాడు. స్క్రూడ్రైవర్ కోసం వెతికాడు. అది వాడి చేతిలోనే ఉంది.

"వెళ్లాననుకో. అయితే ఏంటి?"

"ఏం చెప్పావు వాళ్లకి?"

"చెప్పడమా? నాకేం డైలాగు ఇవ్వలేదక్కా. బస్టాపు సీన్లో మూడోవాణ్ణి నేనే. గొడుగు పట్టుకున్నాను. నువ్వు నవ్వుతావని చెప్పలేదు."

పెద్దక్కకి ఆ సీను గుర్తొచ్చింది. గొడుగు గుర్తొచ్చింది, ముఖం కనబడలేదు. నవ్వు రాబోయింది గానీ ఆపుకుంది. గుండీ సంగతి విప్పగానే వాడు బిత్తరపోయాడు.

"అమ్మతోడు, నేను కాదు. కానీ..." అని ఆగాడు. "చిన్నక్క రెండు మూడుసార్లు వాళ్ల ఆఫీసుకి వెళ్లింది. నీకు చెప్పొద్దంది."

ఇంకేం కావాలి? పెద్దక్క అక్కణ్ణుంచి నేరుగా చెల్లెలు పనిచేసే పళ్ల ఆసుపత్రికి వెళ్లింది. చెల్లెలు అక్కడ రిసెప్షన్లో ఉంటుంది. బుగ్గలు వాచినవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"అమ్మ పరువు తియ్యడానికి నీకు మనసెలా ఒప్పిందే?"

చెల్లెలు ఆవిణ్ణి మందుల గదిలోకి లాక్కెళ్లి తలుపేసింది. విషయం మొత్తం విన్నాక ముఖం ఎర్రబడింది.

"గుండీ మాట నేను ఎవరితోనూ అనలేదు."

"మరి సినిమా ఆఫీసుకి ఎందుకెళ్లావు?"

"చెప్పనా? నీ నవల్లో చెల్లెలు ఏమైంది?"

నవల్లో చెల్లెలు జ్వరమొచ్చి చచ్చిపోతుంది.

"ఎంత చక్కగా చంపావో నన్ను! ఆ అధ్యాయమే అన్నిటికన్నా బాగుందని అందరూ నాతోనే చెప్పారు. నేను బతికే ఉన్నాను కదా, నా ముందే చెప్పారు. ఒక్కమాటన్నానా నిన్ను? వాళ్ల దగ్గరికి వెళ్లి, కనీసం సినిమాలోనైనా ఆ పిల్లని బతకనివ్వండని బతిమాలుకున్నాను. అంతే."

సినిమాలో చిన్నపిల్ల బతకడం పెద్దక్క చూసింది. టిక్కెట్లు అమ్ముడుపోవడానికి మార్చారనుకుని విసుక్కుంది కూడా.

"ఇప్పుడు వచ్చి దొంగనంటున్నావు," అంది చెల్లెలు. "వెళ్లక్కా. పేషెంట్లున్నారు."

పెద్దక్క బయటికొచ్చింది. చెల్లెలి మాట అబద్ధంలా లేదు. అయినా అనుమానం వదల్లేదు. తమ్ముడూ కాక, చెల్లెలూ కాక, గోడలు చెప్పాయా? తప్పు కప్పిపుచ్చుకోవడానికే ఆ చావు సంగతి ఎత్తిందేమో అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే చీదర పుట్టింది.

సినిమా విడుదలైంది. అమ్మ కొడుకు దగ్గరే ఉంటుంది. మొదటిరోజే ఫోన్ చేసింది. "నన్ను తీసుకెళ్తావా, పక్కింటావిడతో వెళ్లిపోనా?"

"అంత బాగోలేదమ్మా. ఇంట్లో పడుకో హాయిగా."

"పడుకోవడానికి ఇంకా బోలెడు టైముంది. తయారుగా ఉంటాను, రా."

మధ్యాహ్నం ఆటకి తీసుకెళ్లక తప్పలేదు. పళ్లెం విసిరే సీను వచ్చింది. అమ్మ ఏడుస్తుందా? లేచి వెళ్లిపోతుందా? తెర మీద కత్తెర కనబడింది. పెద్దక్క తెరని చూడకుండా అమ్మ ముఖమే చూస్తోంది.

అమ్మ ముందుకి వంగి, కళ్లు చికిలించి చూసింది. హాలు గొల్లుమంది. అమ్మ నవ్వలేదు. విసుగ్గా నాలిక చప్పరించింది.

"కత్తెర అలా పట్టుకుంటే చొక్కా చిరుగుతుందని చెప్పాను ఆ అమ్మాయికి. వింటేగా."

"ఏ అమ్మాయికి?"

"అదే, నా వేషం వేసిందే, ఆవిడకి. మీరెవరూ లేనప్పుడు వచ్చింది. నా నడక చూడ్డానికి వచ్చానంది. పాపం మంచి మనిషి. సాయంత్రందాకా కూర్చుంది." వెనకవాళ్లు ష్ష్ అన్నారు. అమ్మ గొంతు తగ్గించలేదు. "నేను చెప్పానని ఎవరికీ అనొద్దని ఆవిడచేతా, ఆ డైరెక్టరు పిల్లచేతా మాట తీసుకున్నాలే. నువ్వు బాధపడతావని."

మిగతా సినిమా పెద్దక్క కళ్లకి ఆనలేదు. బయటికొచ్చాక, మెట్ల పక్కన బెంచీ మీద అమ్మని కూర్చోబెట్టి అడిగింది.

"మాచేత ఒట్టు వేయించుకుని, నువ్వే ఎలా చెప్పావమ్మా?"

"ఒట్టు మీకు గానీ నాకెందుకు?" అంది అమ్మ. "నీ పుస్తకం చదివించుకుని విన్నాను. అందులో నేను ఊరికే ఏడుస్తూ కూర్చుంటాను. నేనెప్పుడే ఏడ్చాను? ఆ మనిషితో అన్నేళ్లు ఏడ్చుకుంటూ బతకడం అయ్యే పనేనా? అందరూ వచ్చి నా చేతులు పట్టుకుని జాలిపడుతుంటే ఒళ్లు మండిపోయేది. నువ్వు ఎలాగూ రాయవు. ఎవరో ఒకరు చూపించాలి కదా."

"నువ్వు చెప్పొద్దన్నావనే రాయలేదు."

"తెలుసు. మంచిదానివి. అందుకే నీకు చెప్పలేదు."

తన పుస్తకం చదివి ఏడ్చిన వాళ్లంతా పెద్దక్క కళ్లముందు మెదిలారు. అమ్మ పక్కనున్నావిడతో సినిమా ఎలా ఉందని అప్పుడే మాట కలిపింది. తల్లి పాత్ర చాలా బాగుందని ఆవిడ అంటే, "ఆ, ఫరవాలేదు," అంది అమ్మ బెట్టుగా.

అమ్మని దించేసి పెద్దక్క పళ్ల ఆసుపత్రికి వెళ్లింది. చెల్లెలు చూసింది గానీ పలకరించలేదు. పెద్దక్క పేషెంట్ల మధ్య ఖాళీ కుర్చీలో కూర్చుంది. చెల్లెలు ఒక్కొక్కరినీ పేరుపెట్టి లోపలికి పంపింది. చివరి మనిషి కూడా వెళ్లాక బల్ల సర్దడం మొదలుపెట్టింది.

"అమ్మే చెప్పిందట," అంది పెద్దక్క.

చెల్లెలి చేతులు ఆగాయి. నవ్వొచ్చినట్టుంది గానీ నవ్వలేదు. "నన్నన్న మాట మాత్రం అలాగే ఉంది."

"అలాగే ఉంది. తప్పు నాదే. జ్వరం సంగతి కూడా."

చెల్లెలు తాళాల గుత్తి తీసి పెద్దక్క చేతిలో పెట్టింది. "వెనక గదిలో కిటికీలు వేసిరా. నాకు నడుం నొప్పిగా ఉంది."

పెద్దక్క లేచి వెళ్లి కిటికీలు వేసింది.