దుప్పటి పట్టిన చేతులు

మా వదినను పనిలోంచి తీసేసింది మనిషి కాదు. ఉదయం పదిన్నరకు, నాలుగో బల్ల దగ్గర, రెండు చేతులతో దుప్పటి అంచు పట్టుకుని ఆమె నిలబడి ఉండగానే గోడమీది తెరలో ఆమె నంబరు ఎర్రబడింది. అంతే. ఎవరూ వచ్చి ఒక్క మాట చెప్పలేదు. ఏడో నెల కడుపుతో ఆమె ఆ దుప్పటి వదలకుండా, "ఏమైందే, నేనేం చేశాను?" అని నన్నడిగింది.

ఇంకో ఇరవై రోజులు పని చేసుంటే ఆమెకు జీతంతో కూడిన కాన్పు సెలవు వచ్చేది. మా అన్నయ్య లారీ మీద ఊళ్ళు తిరుగుతూ వారానికోసారి ఇంటికొస్తాడు. ఆ సెలవు మీదే ఇద్దరూ కాన్పు లెక్కంతా వేసుకున్నారు.

మాది లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు బండ్ల మీద వస్తాయి. యంత్రాలు ఉతుకుతాయి, యంత్రాలు ఆరబెడతాయి. మడిచేది మాత్రం మేమే, ఇరవయ్యొక్క బల్లల మీద నలభై రెండు మంది ఆడవాళ్ళం. పెద్ద దుప్పటి ఒక్క మనిషి వల్ల కాదు. ఒకామె అవతలి అంచు బిగించి పట్టుకుని నిలబడాలి. రెండో ఆమె నడుస్తూ, వంగుతూ మడిచి, ఎత్తి దొంతర మీద పెట్టాలి. పట్టడం తేలిక, మడవడం నడుం విరిగే పని. కడుపుతో ఉన్నామెకూ, వయసు మీద పడ్డామెకూ, జ్వరంతో వచ్చినామెకూ అడగకుండానే పట్టే చోటు వదిలేస్తాం. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు. నేను చేరిన రోజు నుంచీ ఉన్న కట్టు.

నాలుగు నెలల కిందట మేనేజరు అందర్నీ పిలిచి టీ ఇప్పించాడు. ఆయన టీ ఇప్పించాడంటేనే మేం భయపడాల్సింది.

"పైన కెమెరాలు పెడుతున్నాం. ఏఐ అంటారు. రెండు వారాలు మీ పని చూసి అదే నేర్చుకుంటుంది. తర్వాత ఎవరెంత చేస్తున్నారో మార్కులేస్తుంది. సూపర్‌వైజరైతే తనవాళ్ళని వెనకేసుకొస్తాడు. దీనికి చుట్టాలూ లేరు, పక్కాలూ లేరు."

మేం చప్పట్లు కొట్టాం. ఎందుకు దాచాలి, నేనూ కొట్టాను. ఆ సూపర్‌వైజరు పీడ వదిలితే చాలనుకున్నాం.

తర్వాత మేం చేసిన పని వినండి. చదువుకునే పిల్లలు, రేపు ఇలాంటివి తయారుచేయబోయేవాళ్ళు మరీ వినండి. ఆయాసపడుతూ మడిచేవాళ్ళని కెమెరా చూస్తే మార్కులు తగ్గుతాయేమోనని మాకు భయం పట్టుకుంది. "ఈ రెండు వారాలూ మీరు పట్టే దగ్గరే ఉండండి, మడిచేది మేం చూసుకుంటాం" అని వాళ్ళకు చెప్పాం. వదినకు చెప్పింది నేనే. అంతకుముందు గంటకోసారైనా చోట్లు మార్చుకునేవాళ్ళం. ఆ రెండు వారాలూ అదీ మానేశాం. అలవాటై తర్వాతా అలాగే సాగింది.

యంత్రం చూసింది, నేర్చుకుంది. కదిలే చేతులు పనిచేస్తున్నట్టు, కదలని చేతులు ఖాళీగా ఉన్నట్టు. నాలుగు నెలల్లో పదకొండు మందిని తీసేసింది. వాళ్ళ చోట్లలోకి కొత్తవాళ్ళొచ్చారు. పన్నెండో మనిషి మా వదిన.

వదినా నేనూ మేనేజరు గదికి వెళ్ళాం.

"నేను తీసేశానా అమ్మా? సిస్టమ్ తీసేసింది. నా చేతుల్లో ఏముంది?"

"మరి ఎవరి చేతుల్లో ఉంది?"

"అది పెట్టిన కంపెనీ వేరే. ఈమెయిల్ పెడితే దానికి జవాబిచ్చేది కూడా సిస్టమే."

"దుప్పటి అవతల పట్టుకోకపోతే ఇవతల మడిచేదెలా సార్? ఆ మాత్రం మీకు తెలీదా?"

"నాకు తెలుసమ్మా. దానికి తెలీదు."

ఈ మాట ఆయన నిజంగానే బాధపడుతూ అన్నాడు. ఆ బాధ చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

లేబర్ ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా ఫారం తిరగేసి ఒక గడి మీద వేలు పెట్టాడు. 'పని నుంచి తొలగించినది ఎవరు: పేరు, హోదా.'

"ఇది ఖాళీగా ఉందే?"

"మనిషి తీసెయ్యలేదండీ. యంత్రం తీసేసింది."

"యంత్రం మీద కేసు పెడతారా? మేనేజరే తీసేశాడని ఆయన సంతకంతో కాగితం తీసుకురండి. అప్పుడు తీసుకుంటా."

మాకంటే ముందు వచ్చిన పదకొండు మందికీ ఇదే మాటట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. వదిన ఆ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. బస్సులో దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

మర్నాడు అన్నాల వేళ బట్టలు మార్చుకునే గదిలో కూడాం. జరిగిందంతా చెప్పి, "పోయినవాళ్ళందరూ పట్టేవాళ్ళే. మన వేలితో మన కన్నే పొడుచుకున్నాం" అన్నాను.

"వంతులేసుకుందాం. సగంపూట పట్టడం, సగంపూట మడవడం" అంది ఒకామె.

"అందరి మార్కులూ సమానమైతే మాత్రం? నెలకింతమందని కిందవాళ్ళని తీసేస్తుంది. ఎవరో ఒకరు కిందుండక తప్పదుగా!" అంది ఇంకొకామె.

ఏడో బల్ల ఆమెకు ముగ్గురు పిల్లలు, మొగుడు లేడు. చివాల్న లేచింది. "నా నంబరు పచ్చగా ఉంది. నన్ను ఇందులోకి లాగకండి. నా పిల్లలకి మీరు పెడతారా తిండి?"

ఆమె అడిగింది అబద్ధమా? ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న ముసలామె ఉంది, దుప్పటమ్మ అంటాం. పసుపు రంగులోకి దిగిన నంబరు ఆమెది. గోడకు ఆనుకున్నదల్లా నెమ్మదిగా అంది.

"నీ నంబరు పచ్చగా ఎందుకుందే తల్లీ? అవతలి అంచు నేను పట్టుకున్నా కాబట్టి."

ఏడో బల్ల ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒక్క పని చేద్దాం" అంది దుప్పటమ్మ. "రేపు పదిన్నరకి అందరం పట్టుకుందాం. ఎవరూ మడవొద్దు. పట్టకుండా మడతెలా పడుతుందో ఆ కెమెరానే మడిచి చూపించమందాం."

"అందర్నీ తీసేస్తేనో?"

"తీసేస్తుంది. తీసెయ్యదని నేనెక్కడన్నా?"

ఎవరికీ ధైర్యం లేదు. గెలుస్తామని ఒక్కరం కూడా అనుకోలేదు. అయినా ఒక్కొక్కరే సరేనన్నారు. ఏడో బల్ల ఆమె మాత్రం లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు వదిన కూడా వచ్చింది. నంబరు ఎర్రబడితే తలుపు తెరిచే కార్డు కూడా పనిచెయ్యదు. గేటు దగ్గర కాపలా ఆయనను "నీళ్ళు తాగి పోతానన్నా" అని అడిగితే, కడుపు చూసి లోపలికి వదిలాడు. సరిగ్గా పదిన్నరకు నాలుగో బల్ల దగ్గర తన చోట్లోకి వచ్చి అంచు పట్టుకుంది. రెండో అంచు నేను పట్టుకున్నాను. హాలంతా దుప్పట్లు బిగిసి నిలబడ్డాయి. ఆరబెట్టే యంత్రాల గంటలు మోగుతూనే ఉన్నాయి, తీసేవాళ్ళు లేరు. తెర మీద నంబర్లు పసుపయ్యాయి, తర్వాత ఎర్రబడ్డాయి. చిట్టచివరికి ఒక్కటే పచ్చగా మిగిలింది, ఏడో బల్ల ఆమెది. ఆమె వెక్కుతూ మడుస్తూనే ఉంది. ఎదురుగా దుప్పటమ్మ అంచు పట్టుకుని ఉంది. కాసేపటికి ఏడో బల్ల ఆమె చేతులు కూడా ఆగాయి.

మేనేజరు పరుగున వచ్చాడు. "అందరూ ఎర్రబడ్డారు! బయటికి పొండి!"

"ఎలా పోతాం సార్? కార్డులు చచ్చాయి, తలుపు తెరుచుకోదు" అంది దుప్పటమ్మ. అంత భయంలోనూ మాకు నవ్వొచ్చింది.

ఆయన పోలీసుల్ని పిలిచాడు. వచ్చిన ఎస్సై, "ఫిర్యాదు ఎవరిస్తున్నారు?" అనడిగాడు.

"కంపెనీ."

"కంపెనీకి చెయ్యి ఉండదు కదయ్యా. సంతకం ఎవరు పెడతారు?"

మేనేజరు తెర వైపు చూశాడు. తెర ఏం చెబుతుంది? కాగితం తెప్పించుకుని, బల్ల మీద మా దుప్పట్ల పక్కనే రాసి సంతకం పెట్టాడు. దుప్పటమ్మనూ, నన్నూ, వదిననూ వ్యాన్ ఎక్కించారు. మిగతావాళ్ళను గేటు బయటికి తోశారు. ఏడో బల్ల ఆమె రోడ్డు మీద కూలబడి ఏడుస్తోంది. ఆమెకు ఏం చెప్పాలో నాకు ఈరోజుకీ తెలీదు.

స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. వదిన కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఉద్యోగం తిరిగి రాలేదు, రేపు మా నలభై రెండు మందికీ పని లేదు. మా చోట్లకు వేరే ఊరి నుంచి మనుషుల్ని తెస్తారు, వాళ్ళనూ ఆ కెమెరాయే చూస్తుంది. నేను చప్పట్లు కొట్టకపోతే, ఆ రెండు వారాలూ వదినను అక్కడ నిలబెట్టకపోతే అని లోపల కుమిలిపోతున్నాను.

కానిస్టేబులు ఫిర్యాదు చదివి వినిపించాడు. ఈ శాఖ మేనేజరునైన నేను, అని మొదలై మేనేజరు పేరు వచ్చింది. "నేను ఇదివరకే పని నుంచి తొలగించిన ఈ స్త్రీ, అనుమతి లేకుండా ఆవరణలోకి ప్రవేశించి..."

దుప్పటమ్మ నా మోచెయ్యి నొక్కింది. వదిన అప్పటికే జాకెట్లోంచి చెమటకు మెత్తబడ్డ ఫారం తీసి, ఆ ఖాళీ గడి కనబడేదాకా ఒడిలో ఒక్కొక్క మడతా విప్పుతోంది.

"అన్నా, ఒకసారి పెన్నివ్వు" అంది.

"ఎందుకు?"

"ఇందాకటి వాక్యం మళ్ళీ చదువు. మెల్లగా చదువు, రాసుకుంటాను."