ఇనుప కొంగ ముక్కు

మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తడానికి ఒక్కడే మనిషి. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. పద్దెనిమిదేళ్లుగా కింది అంతస్తులో అదే గది, అదే కుర్చీ. అందరూ ఆపరేటర్ గారు అంటారు. జనం ఫోన్లో చెప్పింది ఆయన టైపు చేస్తే, కంప్యూటరు దాన్ని చెవిలో చదివి వినిపిస్తుంది. ఫిర్యాదు సంబంధించిన సెక్షనుకి వెళ్తుంది. అక్కణ్ణించి జవాబు వచ్చాక, ఫిర్యాదు చేసినవాళ్లకి ఫోన్ చేసి చదివి వినిపించాలి. అంతటితో ఆ ఫిర్యాదు మూసేసినట్టు.

ఆ ఏడాది ఊళ్లో పన్నెండు చోట్ల కొత్త సైకిల్ స్టాండ్లు పెట్టారు. మామూలు స్టాండ్లు కావు, ఆర్టిస్టుల చేత చేయించినవి. ఒకటి దువ్వెనలా, ఒకటి కళ్లజోడులా, ఒకటి గొంగళిపురుగులా. ఆఫీసు ముందున్న బస్టాపుకి కొంగ వచ్చింది. ఆపరేటర్ గారి భార్య సిటీ బస్సులో కండక్టరు. రోజుకి నాలుగుసార్లు దాని ముందు నుంచే పోతుంది.

"రెండు కాళ్లూ ఒక పక్కకి, మెడ ఇంకో పక్కకి. బాగానే ఉంది చూడ్డానికి," అంది. "సైకిలుకి తాళం ఎక్కడ వేయాలో ఆ కొంగకే తెలియాలి."

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. చైను ఎక్కడా దూరడం లేదని ఒకరు, సైకిలు ఆనిస్తే పడిపోతోందని ఇంకొకరు. ఆ తర్వాత ఒక టైలరమ్మ ఫోన్ చేసింది. సైకిలు దగ్గర వంగి తాళం వేసుకుని లేచేసరికి కొంగ ముక్కు కనుబొమ్మని చీల్చిందట. నాలుగు కుట్లు. ఆపరేటర్ గారు అక్షరం పొల్లుపోకుండా టైపు చేశారు. మూడోనాడు జవాబు వచ్చింది. ఆమెకి ఫోన్ చేసి చదివారు: "మీ ఫిర్యాదును పరిశీలించి పరిష్కరించడమైనది."

"ఏం పరిష్కరించారు బాబూ? ముక్కు అలాగే ఉంది కదా."

"ఇక్కడ అంతే రాసుందమ్మా."

"మీరు చూశారా దాన్ని?"

ఆయన వేలు ఫిర్యాదు మూసేసే మీట మీదికి పోయింది. ఆమే ఫోను పెట్టేసింది.

ఆపరేటర్ గారు రోజూ వెనక గేటు నుంచి లోపలికి వచ్చేవారు. ఒక సోమవారం అక్కడ డ్రైనేజీ కోసం తవ్వారు. సరే అని చుట్టూ తిరిగి ముందు గేటు వైపు వచ్చారు. చేతికర్ర ఎడమకీ కుడికీ ఆడించారు. ఎక్కడా ఏమీ తగల్లేదు. నేల చదునుగా, ఖాళీగా ఉంది. ధైర్యంగా అడుగు వేశారు. ఎడమ కంటి కింద ఇనుము దిగింది.

"చూసుకుని నడవాలి కదండీ," అన్నారెవరో. కర్ర కనిపించినట్టుంది, వెంటనే నోరు మూసుకున్నారు.

నెత్తురు చొక్కా మీద కారుతుంటే ఆయన చెయ్యెత్తి ఆ ముక్కుని తడిమారు. చివర ఎంత నునుపుగా, ఎంత సూదిగా ఉందో. ఎవరో ఓపిగ్గా కూర్చుని అరగదీశారు. అక్కణ్ణించి మెడ పట్టుకుని వెళ్తే కాళ్లు మూడడుగుల అవతల ఉన్నాయి. ముక్కు కింద నేల మీద కర్రకి తగిలేది ఏదీ లేదు. ఇంత నున్నగా అరగదీసినవాడికి, దీని కింద నుంచి మనుషులు నడుస్తారని ఒక్కసారైనా తట్టలేదా? ఒళ్లు మండిపోయింది ఆయనకి.

అటెండరు ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాడు. తిరిగొచ్చి ఆపరేటర్ గారు చేసిన మొదటి పని తన ఫిర్యాదు తనే టైపు చేసుకోవడం. మూడోనాడు కంప్యూటరు చెవిలో చదివింది: "మీ ఫిర్యాదును పరిశీలించి పరిష్కరించడమైనది. కళాఖండం వద్ద పాదచారులు తగు జాగ్రత్త వహించవలసినదిగా మనవి."

హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, మెట్లెక్కి రెండో అంతస్తుకి వెళ్లారు. అక్కడ సుందరీకరణ సెక్షను ఆఫీసరు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"అయ్యో, దెబ్బ గట్టిగానే తగిలిందే. మీకు కనిపించదు గానీ, అది నిజంగా చాలా అందంగా ఉంటుందండీ."

"తెలుసు సార్. మొహంతో చూశాను."

"మీరు వెనక గేటు నుంచే రావచ్చుగా."

"వెనక గేటు మనవాళ్లే తవ్వారు."

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఆర్టిస్టు ఒప్పుకోకుండా దాన్ని మనం ముట్టుకోకూడదు. అగ్రిమెంటు అలా ఉంది. అయినా ఇన్నాళ్లలో ఎవరూ ఏమీ అనలేదు. మీరొక్కరే."

ఒక్కరే అన్న మాట ఆయన్ని మెట్ల దాకా వెంటాడింది. కిందికి వచ్చి కొంగ మీద వచ్చిన ఫిర్యాదులన్నీ తీయించి విన్నారు. పన్నెండు. తనది తీసేస్తే పదకొండు. అన్నీ తను టైపు చేసినవే. అన్నీ పరిష్కరించడమైనది అని తన నోటితో చదివి తన వేలితో మూసేసినవే. ఆఫీసరు ఒక్కరే అనడానికి ధైర్యం ఎక్కడిది? తనిచ్చిందే. ఆ నిమిషంలో ఆయనకి ఆఫీసరు మీద కన్నా తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

ముందుగా టైలరమ్మకి ఫోన్ చేశారు. "అమ్మా, ఆరోజు మీకు అబద్ధం చదివాను. అక్కడెవరూ ఏమీ చేయలేదు."

"ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు బాబూ. మీకు ఇప్పుడు తెలిసిందా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. "తెలిసిందమ్మా. రేపు పదకొండింటికి మా ఆఫీసు రెండో అంతస్తుకి రాగలరా?"

పదకొండు మందికీ చేశారు. ఎనిమిది మంది వచ్చారు. ఊరికే రాలేదు, అయిదుగురు సైకిళ్లు భుజాన వేసుకుని మెట్లెక్కారు. ఆఫీసరు గది బయట వరండా అంతా హ్యాండిళ్లే.

"సైకిళ్లు లోపలికి తెస్తారేంటండీ?"

"బయట కొంగ ఉంది సార్," అన్నాడు ఒకాయన. "స్టాండు లేదు."

టైలరమ్మ మెడలోంచి టేపు తీసింది. "కొలిచే వచ్చాను. నేల నుంచి ముక్కుకి యాభై తొమ్మిది అంగుళాలు. ఇలా వచ్చి నిలబడండి, మీకెక్కడ తగులుతుందో చూద్దాం." ఆఫీసరు నిలబడలేదు. నవ్వడానికి చూశాడు, ఎవరూ కలవలేదు. చివరికి ఆర్టిస్టుకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

"ముక్కు కోసేస్తే అది ఇక కొంగ కాదు," అంది ఆర్టిస్టు గొంతు. "ఏడు నెలల పని అది. మీకర్థం కాదు."

ఆపరేటర్ గారు బల్ల మీదికి వంగారు. "అది కొంగ కాకపోయినా మాకు నష్టం లేదండీ. మీరొకసారి వచ్చి దాని కింద నుంచి కళ్లు మూసుకుని నడవండి. ఆ తర్వాత ముక్కు ఉంచమన్నా ఒప్పుకుంటాను."

అవతల లైను తెగిపోయింది. గదిలో ఉన్నవాళ్లెవరూ కదల్లేదు. ఆఫీసరు టేపు వైపు చూశాడు, సైకిళ్ల వైపు చూశాడు, రేపటికల్లా ఏదో ఒకటి చేయిస్తానన్నాడు.

"ఏదో ఒకటి కాదు. ఏం చేస్తారో కాగితం మీద రాయండి," అంది టైలరమ్మ. రాసేదాకా ఎవరూ మెట్లు దిగలేదు.

మర్నాడు ముక్కు కింద పెద్ద సిమెంటు తొట్టె పెట్టి మొక్క నాటారు. కర్ర ఆడిస్తే ఇప్పుడు దానికి తగులుతుంది. ముక్కు కోయలేదు. తాళం వేసుకోవడానికి గోడ పక్కన రెండు మామూలు ఇనుప కడ్డీలు బిగించారు, సైకిళ్లన్నీ వాటికే. తన కళని పాడుచేశారని ఆర్టిస్టు పేపర్లో చెప్పుకున్నాడు. దెబ్బలు తిన్నవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

ఆపరేటర్ గారికి మెమో వచ్చింది. ఫిర్యాదుదారులను ఆఫీసు మీదికి ఉసిగొల్పినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

"క్షమించమని రెండు ముక్కలు రాసి పడేయండి, పోతుంది," అంది భార్య. ఆయన మొహం చూసి, "వద్దులెండి. ఏం రాయాలనుందో అదే రాయండి," అంది.

ఆయన ఇలా రాశారు: "నేను పదకొండు మందికి అబద్ధం చదివి వినిపించాను. దానికి మెమో ఇవ్వండి, సంజాయిషీ ఇస్తాను. దీనికి ఇవ్వను."

ప్రింటు తీయించి, పైకి వెళ్లి ఆఫీసరు చేతికే ఇచ్చారు. అతను చదువుతున్నంతసేపూ ఎదురుగా నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు.