కుట్లు ఆరేదాకా

ముత్తక్క పిల్లిని ఆటోలో తెచ్చింది. ఒళ్ళో గంప, గంపలో పాత చీర, చీర మడతల్లో మత్తుగా మచ్చి. కొత్తగూడెం నుంచి ఊరి దాకా ఎక్కడ గుంత వచ్చినా డ్రైవర్ వీపు తట్టి, "నిమ్మళంగ పోనీ బిడ్డా, ఆపరేషన్ అయిన పానం" అంటూనే ఉంది. పక్కన కూర్చున్న కోడలు దుర్గ రోడ్డు పక్క టేకు చెట్లు చూస్తూ పళ్ళు కొరుక్కుంది.

ఏడేళ్ళ కింద ఇదే రోడ్డు మీద, ఇదే అత్త వెంట, దుర్గ కూడా ఆపరేషన్ చేయించుకునే వచ్చింది. ఇక పిల్లలు పుట్టకుండా చేసే క్యాంపు ఆపరేషన్. అప్పుడు ఆటో గుర్తుకు రాలేదు ఎవరికీ. ఎరువు బస్తాలతో వస్తున్న ట్రాక్టరును ఆపి, ఆ బస్తాల మీదే పడుకోబెట్టి తెచ్చారు. ఏ గుంత దగ్గరా ముత్తక్క నోరు విప్పలేదు.

మచ్చి అంటే ముత్తక్కకు ప్రాణం. ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనేది. ఈసారి కాన్పు అడ్డం తిరిగి చచ్చి బతికింది. మళ్ళీ కడుపు కడితే దక్కదని కొత్తగూడెంలో పశువుల డాక్టరు చెప్పాడు. పిల్లికి ఆపరేషనేమిటని ఊరు నవ్వినా ముత్తక్క వినలేదు. కొడుకు రాంబాబు కూడా కాదనలేదు. అమ్మ మాట కాదనడం అతనికి పుట్టుకతోనే రాలేదు.

డాక్టరు ఓపిగ్గా అన్నీ చెప్పి పంపాడు. రాత్రి దాకా మత్తు ఉంటుంది, నడిస్తే తూలుతుంది. కళ్ళు తెరుచుకునే పడుకుంటుంది, భయపడొద్దు. ఎత్తు మీద పెట్టకండి, నేల మీదే వెచ్చగా పడుకోబెట్టండి. మత్తు పూర్తిగా దిగాక కాసిన్ని నీళ్ళు, ఆ తర్వాతే కొంచెం తిండి. కుట్లు నాకనివ్వొద్దు, తడవనివ్వొద్దు, గెంతనివ్వొద్దు. పది రోజులకు తెస్తే కుట్లు తీస్తాను. ఈలోపు వాచినా, చీము పట్టినా, తిండి మానేసినా వెంటనే తీసుకురండి. అంతే చెప్పాడు. దుర్గ ప్రతి మాటా చెవులు రిక్కించి విన్నది. అలాంటి మాటలు వినడం ఆమెకు అది రెండోసారి.

మొదటిసారి విన్నది క్యాంపు పెట్టిన బడి వరండాలో, చాప మీద, సగం మత్తులో. క్యాంపు నర్సమ్మ ముత్తక్కకు ఏవో జాగ్రత్తలు చెబుతోంది. బిందె ఎత్తనివ్వొద్దన్న మాట వినబడింది. మిరపకాయలు, దగ్గు అన్న మాటలూ వినబడ్డాయి. మిగతాది మత్తులో కలిసిపోయింది. వారం తిరగకముందే ముత్తక్క ఆమెను ఎండుమిర్చి కుప్ప ముందు కూర్చోబెట్టింది, రంగు పోయిన తాలుకాయలు ఏరమని.

"కూసోని చేసే పనే గదా. బిందె మొయ్యమన్ననా ఏంది?"

ఘాటుకు దగ్గు తెర ఎత్తుకుంది. ఆగలేదు. సాయంత్రానికి రెండు కుట్లు పిగిలాయి. చీము పట్టి, ఎలాగో మానింది గాని, అప్పటి నుంచి దగ్గినా బరువెత్తినా బొడ్డు కింద పిడికిలంత గడ్డ పొడుచుకొస్తుంది. నర్సమ్మ చెప్పింది కదా అత్తా అంటే, ముత్తక్క కొడుకు ముందే ముక్కు మీద వేలేసుకుంది. "మత్తుల కల గన్నవేమో. నాకెవ్వరు చెప్పలే. చెప్తే నిన్ను కూసోబెడ్తనా? నేనేమన్న రాక్షసినా?"

రాంబాబు అమ్మనే నమ్మాడు. దవాఖానాకు తీసుకుపొమ్మని దుర్గ ఎన్నిసార్లు అడిగినా, "పని తప్పిచ్చుకునే యేషాలు" అన్నాడు. గడ్డ కన్నా ఆ మాటే ఎక్కువ నొప్పి. తను అబద్ధాలకోరు కాదని మొగుడికి తెలియాలి. అదీ అత్త నోటి వెంటే తెలియాలి. దుర్గకు కావలసింది అదొక్కటే.

ఇంటికి చేరాక మచ్చి డాక్టరు చెప్పినట్టే తూలింది. రెండడుగులు వేసి, కల్లు తాగిన మనిషిలా గోడకు గుద్దుకుని కూలబడింది. కళ్ళు రెప్ప వేయకుండా తెరుచుకునే ఉన్నాయి. ముత్తక్క గుండెలు బాదుకుంది.

"అయ్యో, పోతున్నదే!"

"పోదు. మత్తు దిగుతది" అంది దుర్గ. కుంపటి రాజేసి పక్కన పెట్టింది.

మర్నాడు మచ్చి నీళ్ళు తాగింది, చేప కలిపిన అన్నం తిన్నది. కుట్లు నాకబోతే ముత్తక్క కొడుకు పాత బనీనుకు నాలుగు చిల్లులు చేసి దానికి అంగీ తొడిగింది. అటక మీదికి గెంతుతుందని నిచ్చెన తీసి దొడ్లో పడేయించింది. రాత్రిళ్ళు దాని పక్కనే పడుకుంది.

"నొప్పున్నట్టుందానే అమ్మా దానికి?" అని రాంబాబు జాలిగా అడిగాడు.

ఆ ప్రశ్న దుర్గను ఒక్కనాడూ అడగలేదు. ఆమె ఒళ్ళు భగ్గుమంది. పిల్లి మీద కోపం లేదు. గొరిగిన దాని పొట్ట, దాని మీద నల్లదారపు కుట్లు చూస్తే తన పొట్టే కనబడేది. కోపమంతా దానికి దొరికిన ఆదరణ మీద. ఇవ్వడం చేతగాక కాదు, తనకు ఇవ్వాలనిపించక ఇవ్వలేదని ఇప్పుడు తేలిపోయింది.

నాలుగో రోజు పొద్దున దుర్గ తండా నుంచి హేమ్లిని పిలిపించింది. హేమ్లి మిరప పనికి వస్తుంది. మనిషి మంచిదే గాని, ఆమె చెవిన పడిన మాట సాయంత్రానికి ఊరంతా తిరిగి వస్తుంది. దుర్గ పిలిచింది అందుకే. రాంబాబు అన్నానికి కూర్చునేదాకా ఆగింది. అప్పుడు హేమ్లితో కల్లం నుంచి ఎండుమిర్చి బస్తా ఈడ్పించి, సరిగ్గా పిల్లి పడుకున్న వరండాలో మూతి విప్పించి గుమ్మరింపించింది.

ఘాటు గుప్పుమంది. మచ్చి తుమ్మింది. ముత్తక్క ఎగిరిపడి లేచింది.

"నీకు బుద్ధున్నదా? ఆపరేషన్ అయిన పానం పక్కన మిరపకాయలు పోస్తరా ఎవరన్న? ఘాటుకు దగ్గొస్తే కుట్లు పిగుల్తయ్!"

"గట్లనా అత్తా? డాక్టరు గా మాట చెప్పలేదే" అంది దుర్గ నెమ్మదిగా.

"డాక్టరు చెప్పకపోతే? నర్సమ్మ చెప్పలే? మిరపకాయల కాడికి పోనియ్యొద్దు, దగ్గొస్తే తువ్వాల నాలుగు మడతలు పెట్టి పొట్ట మీద అదిమి పట్టాలె అని నాకు రెండుసార్లు చెప్..."

అక్కడ ఆగింది. ఆగినా లాభం లేకపోయింది. హేమ్లి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. రాంబాబు కలిపిన ముద్ద కంచంలో వదిలేశాడు.

తువ్వాల సంగతి దుర్గ కూడా అప్పుడే విన్నది. ఆనాడు మత్తులో కలిసిపోయిన మాట అది. ఒక్క తువ్వాల. ఇంట్లో దండెం నిండా ఉన్న తువ్వాలల్లో ఒక్కటి మడిచి ఇస్తే సరిపోయేది.

"అంటే నీకు ఎరుకేనా అమ్మా?" అన్నాడు రాంబాబు.

"పంట రోజులాయె బిడ్డా. కూలోళ్ళు దొరకలే. ఏం కాదులే అనుకున్న..."

"మరి నాకెవ్వరు చెప్పలే అంటివి గదనే!"

ముత్తక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుర్గకు జాలి కలగలేదు. కలిగిందని చెబితే అబద్ధమే అవుతుంది. ఏడేళ్ళ కడుపుమంట మీద మొదటిసారి చల్లగా ఏదో పడినట్టయింది, ఇంకా కావాలనిపించింది.

రాంబాబు ఆమె మొహంలోకి చూడలేక నేల చూస్తూ అన్నాడు. "రేపు కొత్తగూడెం పోదాం. పెద్ద డాక్టరుకు చూపిస్త."

"ఆటోల" అంది దుర్గ.

"అవ్. ఆటోలనే."

దుర్గ వంగి మచ్చిని గంపతో సహా తీసుకోబోయి ఆగింది. బరువెత్తకూడదు కదా. కళ్ళతోనే చూపించింది. రాంబాబు లేచి గంపను లోపలి గదిలో పెట్టాడు.

"ఇగ గీ కాయలు ఎవరు ఏరాలె?" అంది హేమ్లి.

"అత్త ఏరుతది. కూసోని చేసే పనే గదా."

ముత్తక్క కొడుకు వైపు చూసింది. అతను చేయి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఆమె మెల్లగా కుప్ప ముందు కూర్చుని తాలుకాయలు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికే దగ్గు అందుకుంది.

లోపల దుర్గ మచ్చి పక్కన నడుం వాల్చి, దాని తల నిమురుతూ ఆ దగ్గు చాలాసేపు విన్నది. తర్వాత లేచింది. దండెం మీది తువ్వాల తీసి శ్రద్ధగా నాలుగు మడతలు పెట్టి, వరండాలోకి వచ్చి అత్త ఒళ్ళో పడేసింది.

"పొట్ట మీద పెట్టి అదుముకో" అంది.

పిల్లికి ఘాటు తగలకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.