అంచు పట్టుకుని లాగితే

"అది పక్కకి తిరిగిన చోట కత్తిరించెయ్. మాటలు తీసేసి ఏదైనా మంచి పాట వెయ్యి."

కూతురి తొలి అడుగుల వీడియో చూసి భర్త అన్న మాట అది. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. సరేనంది. సరే అనడం ఆమెకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ వీడియోలో బుడంకాయ, ఇంట్లో పాపని అలాగే పిలుస్తారు, సోఫా వదిలి ఫోను పట్టుకున్న తండ్రి వైపు రెండడుగులు వేసి ఆగింది. తర్వాత పక్కకి తిరిగి, తప్పటడుగులతో గదంతా దాటి, వంటగది గుమ్మం దగ్గర చేతులు చాపి కూర్చున్న తల్లి ఒళ్లో వచ్చి పడింది. ఆమె ఆ తిరగడం దగ్గరే కత్తిరించింది. మిగిలిన రెండడుగుల్నే నెమ్మదిగా ఒకసారి, ఇంకా నెమ్మదిగా ఇంకోసారి నడిపించి పాట వేసింది. బంధువులంతా మురిసిపోయారు. "తండ్రి దగ్గరికే నడిచిందిరా, వీడియో కూడా భలే చేశావు," అన్నారు. ఆయన ఏ మాటా కాదనలేదు.

ఇప్పుడు పాప మొదటి పుట్టినరోజుకి ఏడాది వీడియోలన్నీ కలిపి టీవీలో వెయ్యాలట. ఫోను మొరాయించింది. అందుకే ఎడిటింగుకి కంప్యూటరు కొనడానికి బయల్దేరారు. "దానికెందుకు అంత పెట్టె? ఆ పిచ్చి తగ్గించి పొయ్యి మీద పాలు చూసుకోమను," అంది అత్తగారు, కోడలు ఎదురుగా ఉండగానే కొడుకుతో.

షాపులో ఆయన రంగురంగుల లైట్లు వెలిగే కీబోర్డు దగ్గర ఆగిపోయాడు. షాపతను కూడా ఆయనతోనే మాట్లాడుతున్నాడు. "మేడమ్‌కి కూడా ఈజీగానే ఉంటుంది సార్."

"చేసేది తనే లెండి. ఎంతసేపు, బొమ్మలు అంటించడమే కదా."

పాపని చంకలో ఎగదోసుకుంటూ నిలబడింది ఆమె. తమ్ముడు పుట్టాడని, ఎత్తుకునేవాళ్లు లేరని పదో తరగతి మధ్యలో బడి మాన్పించారు. అప్పటినుంచీ ఇలాంటి చోట నోరు తెరవాలంటే ఏ మాట తప్పవుతుందోనని భయం. అడగాల్సింది దారంతా లోలోపల అనుకుంటూనే వచ్చింది.

"పాట వేస్తే మాటలు పోకూడదు. అలాంటిది ఉందా అండీ?"

షాపతను ఒక సాఫ్ట్‌వేర్ తెరిచాడు. బొమ్మ ఒక గీత మీద, మాటలు దాని కింద ఇంకో గీత మీద, పాట ఆ కిందది. జడపాయల్లా విడివిడిగా ఉన్నాయి. ఏ పాయ ఎంత బిగించాలో చేతికి తెలుస్తుంది, ఇది నాకొచ్చు అనుకుంది. అతను నమూనా వీడియోని సగానికి కత్తిరించాడు. "పొరపాటున కట్ చేసినా భయం లేదు మేడమ్. పోయింది ఎక్కడికీ పోదు. ఇదిగో, అంచు పట్టుకుని లాగితే మళ్లీ వస్తుంది." లాగాడు. వచ్చింది. ఆమె ఇంకోసారి చూపించమంది.

"ఇది బానే ఉందిగానీ, ఆ కీబోర్డు కూడా ప్యాక్ చెయ్యండి," అన్నాడు భర్త.

"అది వద్దు. చెవులకి పెట్టుకునేవి మంచివి కావాలి."

"నీకేం తెలుసు?"

"పని చేసేది నేను కదండీ. నాకేం కావాలో నాకు తెలుసు."

షాపతను అప్పుడు మొదటిసారి ఆమె వైపు తిరిగి, "ఇవి పెట్టుకుని చూడండి మేడమ్," అన్నాడు. కీబోర్డు అక్కడే మెరుస్తూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పాప నిద్రపోయాక, ఫోనులో అలాగే దాచి ఉంచిన తొలి అడుగుల అసలు వీడియో కంప్యూటర్లో తెరిచి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. చెయ్యి అలవాటుగా ఆ తిరిగిన చోట కత్తిరించేసింది. ఒక్క క్షణం ఆగి, అంచు పట్టుకుని లాగింది. గది తిరిగొచ్చింది, గుమ్మం తిరిగొచ్చింది, తను వచ్చింది. పాట కింద ఇన్నాళ్లూ మరుగున పడిపోయిన మాటలూ వచ్చాయి. "అబ్బా, నువ్వు అడ్డం లే. దాన్ని నావైపు రానీ," అని ఆయన. "పాలు పొంగుతున్నాయి, అక్కడ కూర్చుని ఆటలేంటి?" అని అత్తగారు. వాటి మధ్యలోంచి సన్నగా తన గొంతు. "రా తల్లీ. పడితే పడతావు, ఏం కాదు, రా." ఎవరి గొంతో అన్నట్టు మళ్లీ మళ్లీ విన్నది. ఆ పిల్లకి చెప్పిన ధైర్యం తనకెవరూ చెప్పలేదు. ఇప్పుడు తనే చెప్పుకుంటోంది.

పుట్టినరోజు నాడు హాలు నిండా బంధువులు. టీవీలో బుడంకాయ రెండడుగులు వేసింది, ఆగింది, తిరిగింది. గదిలో ఉన్నవాళ్లందరికీ అన్ని మాటలూ వినపడ్డాయి. ఒళ్లో పడ్డ పాపని తల్లి హత్తుకునేదాకా ఎవరూ కదల్లేదు. అత్తగారు గ్లాసులు సర్దే పనిలో పడింది.

"తల్లి దగ్గరికే వెళ్లిందన్నమాట," అంది పెద్దాడపడుచు నెమ్మదిగా.

ఆయన మొహం కందిపోయింది. "పాట వెయ్యలేదేం?"

"చోటు లేదండీ. అందరూ మాట్లాడుతూనే ఉన్నారు కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. "రేపు అది తీసేసి మళ్లీ చెయ్యి," అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"కంప్యూటరు లోపలే ఉంది, మీరే చెయ్యండి. ఎంతసేపు, బొమ్మలు అంటించడమే కదా."