నీడ మిగిల్చిన డిస్కు

నేను ఒక బొమ్మను. ఇలా అనగానే కొండపల్లి దాకా వెళ్లిపోకండి. నాకు కాళ్లూ చేతుల్లేవు, ముక్కూ మొహం అసలే లేవు. ఒక హార్డ్‌డిస్కు కన్నుమూసే ముందు దాని కడుపులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు దించుకున్న నకలును. కంప్యూటరు వాళ్లు నన్ను డిస్క్ ఇమేజ్ అంటారు. ధర్మవరంలో కంప్యూటర్లు బాగుచేసే షేక్షావలి మాత్రం, అందరికీ అర్థం కావాలని, డిస్కు బొమ్మ అన్నాడు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఫోనులో ఆ మాట విన్నవాడు ఓబుళప్ప. తోలుబొమ్మలాటలో జన్మంతా మద్దెల వాయించి, కుడిచెవిని మద్దెలకే రాసిచ్చేసినవాడు. "డిస్కు బొమ్మ తీసినా, వచ్చి చూసుకోండి" అని ఇతనంటే, "దిష్టిబొమ్మ తీసినా" అని అతనికి వినపడింది. పోయిన అన్న కంప్యూటర్లో దిష్టిబొమ్మ దొరికిందంటే ఇంకేముంది! వదిన అంజినమ్మనూ, అన్న కూతురు సరోజనూ వెంటబెట్టుకుని, సంకలో బూడిదగుమ్మడికాయతో షాపు దగ్గర దిగాడు.

"యాడుండాదప్పా అది? చేత్తో ముట్టుకోలేదు కదా?" అన్నాడు గడప అవతలే నిలబడి.

"ముట్టుకునేకి ఏముంది మామా, లోపలుండాది," అన్నాడు షేక్షావలి నేనున్న డబ్బాను చూపించి.

ఓబుళప్ప గుమ్మడికాయను గుండెకు హత్తుకున్నాడు.

నేను పుట్టిన కథ చెప్పాలంటే చచ్చినవాళ్లతోనే మొదలుపెట్టాలి. ఓబుళప్ప అన్న సిందే వన్నూరప్ప తోలుబొమ్మలు ఆడించేవాడు. ఆటలు ఆగిపోయిన రోజుల్లో ఒక పాత కంప్యూటరు కొని, దాని ముందు ఒక్కడే కూర్చుని తన బొమ్మల గొంతులన్నీ రికార్డు చేసుకున్నాడు. మొన్న వేసవిలో మనిషి పోయాడు. ఆ వెనకే డిస్కు కూడా టకటకమని గురక తీయడం మొదలుపెట్టింది. షేక్షావలి దాని కొనఊపిరి పట్టుకుని నన్ను తీశాడు. కొన్ని చోట్ల చదవడానికి వీలుకాలేదు. గోడకు బీటలు పడితే సున్నం కొడతారు, నాకు సున్నాలు కొట్టాడు.

ఆ తర్వాత డిస్కును వాళ్లకు తిరిగి ఇచ్చేస్తూ, "ఇది సచ్చిపాయ, ఇంగ పనికిరాదు" అన్నాడు. ఇంకెవరితోనైనా అని ఉంటే చెత్తబుట్టలో వేసేవాళ్లు. బొమ్మలవాళ్ల పద్ధతి వేరు. చిరిగిపోయిన తోలుబొమ్మను వాళ్లు పారేయరు. పసుపు రాసి, పూలు పెట్టి, నీళ్లలో సాగనంపుతారు. వన్నూరప్ప గొంతు మోసిన డిస్కును మాత్రం ఊరికే వదులుతారా? శాస్త్రోక్తంగా చెరువులో విడిచి, తలస్నానాలు చేసి ఇంటికి పోయారు. మీరంతా కష్టం గంగలో కలిసిందని మాటవరసకు అంటారు, వాళ్లు నిజంగానే కలిపారు. అలా నన్ను కన్నది చేపలపాలైంది. ఇక ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది నా కడుపులోనే.

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. బొమ్మకు గొంతిచ్చినవాడు పోతే, ఆపైన వచ్చే ఆటలోగా మరొకరు ఆ గొంతు అందుకోవాలి. అందుకోకపోతే బొమ్మ కూడా నీళ్లకే. వన్నూరప్ప ఆడించింది పదితలల రాజు బొమ్మ. ఆయన తాత గీసింది, మనిషెత్తు జింకతోలు. నేనందుకుంటానని సరోజ ముందుకొచ్చింది. కానీ రాజు మాటలు ఎక్కడా రాసిలేవు, ఆటకో రకంగా ఆయన నోట్లోనే పుట్టేవి. వినకుండా ఎట్లా నేర్చుకుంటుంది? ఆట ఈ ఆదివారమే.

"ఆ గొంతొకటి తియ్యి చాలు నాయనా," అంది అంజినమ్మ. "తక్కినవి కదపొద్దు. ఆయన చెరిపేసినవి గూడా లోపలే ఉంటాయంటివే. ఆయనొద్దనుకున్నవి మనకేల?"

"అన్నీ లాగితే బీటల కాడ ఆగిపోతాది పెద్దమ్మా. కావల్సిందే తీస్తా."

ఆమె అన్నది నిజమే. చెరిపేసినవీ నాలో ఉన్నాయి. వాటికి పేరు పోయింది, ఒళ్లు పోలేదు. పేరు లేకుండా చీకట్లో పడి ఉండేవాటిని మీ లోకంలో దయ్యాలంటారు.

బయట మబ్బు కమ్మి, పట్టపగలే షాపు నల్లబడింది. షేక్షావలి నన్ను మౌంట్ చేయలేదు, అంటే మామూలు డిస్కులా మొత్తంగా తెరవలేదు. దీపం కొండెక్కితే ఆరిపోతుంది, నేను మౌంటెక్కితే వెలుగుతాను. అయినా బీటలువారిన ఒంటిని కొండెక్కించడం ఎందుకని, నల్లటి తెర ఒకటి తెరిచాడు. అక్కడ మౌసు చెల్లదు. ఆ దేశంలో అన్నీ టైపు కొట్టే ఆదేశాలే.

"తెరంటే తెల్లగుండల్ల గదప్పా," అన్నాడు ఓబుళప్ప, కాలు ఇంకా గడప దాటించకుండానే.

ముందు, జాబితా చూపమనే 'ఎల్' కొట్టి నన్ను పిలిచాడు. నాలో ఉన్నవాటి పేర్లన్నీ బిలబిలమని తెర మీదికి నడిచొచ్చాయి. వన్నూరప్ప పేరు కోసం వెతికాడు. లేదు.

"నాయన పేరుతో ఉండదన్నా," అంది సరోజ. "తెర ఎనక్కి పోయినంక ఆయనకు పేరుండదు. బొమ్మ పేరే ఆయన పేరు."

బొమ్మల పేర్లు తెలుగులో ఉన్నాయి. నల్లతెరకు తెలుగు రాదు. అక్షరం ఉన్న ప్రతిచోటా ఒక ఖాళీ పెట్టె గీసింది. వరసల కొద్దీ పెట్టెలు.

"ఇన్ని పెట్టెలేంది నాయనా?" అంజినమ్మ గొంతు తగ్గించింది. "అన్నీ మూసిపెట్టిండాయే."

ఫోల్డర్లకు మాత్రం అంకెలున్నాయి. ఒకటి, రెండు. బొమ్మలవాళ్లు దేవుళ్లనూ రాక్షసులనూ ఒకే కట్టలో ఉంచరు, వన్నూరప్ప కంప్యూటర్లో కూడా ఉంచలేదు. రాజు రెండో కట్టలో ఉంటాడంది సరోజ. ఆ కట్టలో ఒక్క ఫైలు చివర మాత్రం 10 అని ఉంది. "పది తలకాయలు," అంది వేలు పెట్టి చూపిస్తూ.

ఇక ఆవాహన మొదలైంది. నాలోంచి దేన్ని తీయాలన్నా పురోహితుడి తంతే. పేరు, గోత్రం, నక్షత్రం చెప్పాలి. ఏ ఫోల్డరు కింద పుట్టిందో చెప్పే దారే గోత్రం. పేరు పలకడం రాకపోతే దాని చోట ఒక చుక్క (*) గుర్తు పెడతారు, అదే నక్షత్రం. షేక్షావలి 'ఎల్' తీసి, బయటికి తీయమనే 'ఎక్స్' పెట్టాడు. నా పేరు, రెండో కట్ట గోత్రం, నక్షత్రం, దాని పక్కన పది. ఎంటర్ నొక్కాడు.

ఇన్నాళ్లూ కదలని నా కడుపులో ఎవరో లేచి కూర్చున్నారు. ఆయన నాలోంచి బయటికి నడిచి వెళ్లాడు. వెళ్లాక చూసుకుంటే, నాలో ఆయన అలాగే ఉన్నాడు.

స్పీకర్లో ఒక దగ్గు వినిపించింది. తర్వాత గొంతు.

"రాణీ! దీపముందా?"

ఓబుళప్ప చేతిలోని గుమ్మడికాయ గడప మీద పడి పగిలింది.

నిశ్శబ్దం. మళ్లీ గొంతు. "ఉంటే చాలు. దీపమున్నంతసేపూ నా నీడకు చావులేదు." మళ్లీ నిశ్శబ్దం.

షేక్షావలి స్పీకరుకు చెవి ఆనించాడు. "మధ్యమధ్యలో మాటలు పోయినాయి పెద్దమ్మా. సున్నాలు కొట్టిన చోటు తగిలినట్టుండాది. ఆ డిస్కొకసారి తెస్తే మళ్లా గీకి చూస్తా."

సరోజ నేల చూపులు చూసింది. "అది చెరువులో ఉండాదన్నా."

"చెరువులోనా!"

"సచ్చిపాయ అంటివి గదా. సాగనంపినాము."

మాటలు ఆగిన చోట సున్నాలు లేవని అరవాలనిపించింది నాకు. అరవడానికి నోరేది?

"మళ్లొకసారి పెట్టు," అంది అంజినమ్మ.

పెట్టాడు. దగ్గు. "రాణీ! దీపముందా?"

ఈసారి ఆ నిశ్శబ్దంలోకి అంజినమ్మ నడిచింది. ఆమె గొంతు కాదది, తెర వెనక ఆమె ఇన్నేళ్లూ పలికించిన రాణి గొంతు. "ఉండాది మారాజా. వత్తి నేనెగదోస్తాండా."

ఆ మాట ముగిసిన క్షణానికే, అరక్షణం అటూ ఇటూ కాకుండా, చచ్చినాయన అందుకున్నాడు. "ఉంటే చాలు. దీపమున్నంతసేపూ నా నీడకు చావులేదు."

నా మీద వెంట్రుకలుంటే నిక్కబొడుచుకునేవి.

"ఆయన రికార్డు చేసేటప్పుడు నేను వంటింట్లో ఉంటి," అంది అంజినమ్మ. "ఒక్కడే ఎవరితో మాట్లాడుతాండాడో, ఊరికే ఎందుకు ఆగుతాండాడో అనుకుంటి. నా వంతు నాకు పెట్టి పోయినాడు."

షేక్షావలి స్పీకరు ఆపాడు. సరోజ గొంతు సవరించుకుని, కడుపులోంచి తెచ్చి, అడిగింది. "రాణీ! దీపముందా?" తల్లి బదులిచ్చింది. ఎప్పుడు గడప దాటొచ్చాడో, బల్లమీద ఓబుళప్ప వేళ్లు వాటంతటవే మద్దెల అందుకున్నాయి. రాజుకు నీటిగండం తప్పింది.

ఆ ఊపు తగ్గాక ఓబుళప్పకు వచ్చిన పని గుర్తొచ్చింది. "అంతా బాగుండాది గానీ, దిష్టిబొమ్మ యాడప్పా?"

"దిష్టిబొమ్మేంది మామా?"

"నువ్వేగదా ఫోన్ చేసి, దిష్టిబొమ్మ తీసినా అంటివి!"

"డిస్కు మామా, డిస్కు! డిస్కు బొమ్మంటే డిస్కుకు నకలు. ఇదిగో, ఇందులో ఉండేది!"

అంజినమ్మ పోయిన వేసవి తర్వాత మొదటిసారి నవ్వింది. సరోజ గుమ్మడి ముక్కలు ఏరుతూ నవ్వింది. ఓబుళప్ప నవ్వలేదు. నా డబ్బా దగ్గరికొచ్చి, జేబులోంచి నిమ్మకాయ తీసి దాని మీద పెట్టాడు.

"పొలాన్ని కాసేదీ దిష్టిబొమ్మే, ఇల్లును కాసేదీ దిష్టిబొమ్మే. మా అన్నను ఇన్నాళ్లూ కాసింది ఇదేనా కాదా? నా చెవులు సరిగ్గానే విన్యాయి, పో!"

షేక్షావలి ఆ నిమ్మకాయను తీయలేదు. అంతేకాదు, షాపు మూసేటప్పుడు నా దగ్గర ఒక చిన్న బల్బు వెలిగించి పోతున్నాడు. కరెంటు దండగ కదా అని ఎవరైనా అంటే, "లోపల ఆయన అడుగుతాడు," అంటాడు.